పాళెం అడిగిన ప్రశ్నలు



క్వారంటైన్ అనే మాట దేశమంతా 2020 మార్చిలో నేర్చుకుంది. మన నెల్లూరు తీరం అంతకు పదేళ్ల ముందే నేర్చుకుంది. ముత్తుకూరు చుట్టుపక్కల, కండలేరు క్రీకు ఒడ్డున రొయ్యల గుంటలు వేసే ఏ రైతునైనా అడగండి. వనామి రొయ్యకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. దిగీ దిగగానే హేచరీకి పోవు. నీలాంగరైలో వాటి కోసమే ఒక కేంద్రం ఉంది. అక్కడ కొన్నాళ్లు విడిగా ఉంచి, జబ్బు లేదని పరీక్షలో తేలాకే హేచరీల వాళ్లకు అప్పగిస్తారు. ఆ ఉంచడం పేరే క్వారంటైన్.

పీసీఆర్ సంగతీ అంతే. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి జనం ఆసుపత్రుల ముందు వరస కట్టినప్పుడు ఆ మూడక్షరాలు ఇంటింటి మాట అయ్యాయి గానీ, రొయ్యల రైతుకు అది పాత మాట. 1994, 95 ప్రాంతంలో టైగర్ రొయ్య సాగు మంచి ఊపు మీదుండగా తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు ఊడ్చేసింది. నిన్న మేత తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు పక్కకు వచ్చి నీరసంగా తేలేది. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. మందు లేని జబ్బు పక్కన ఎట్లా బతకాలో రైతు నేర్చుకున్నాడు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయించాడు. పీతలు దూరకుండా గుంట చుట్టూ వల కట్టాడు. కొంగలు వాలకుండా పైన దారాలు లాగాడు. గట్టెక్కే ప్రతి మనిషి కాళ్లనూ మందునీళ్లలో ముంచి పంపాడు. ఒక గుంటకు జబ్బు తగిలితే ఆ నీళ్లు కాలువలోకి వదలకుండా బ్లీచింగ్ కొట్టి అక్కడే ఆపాడు.

2020లో వీధులకు అడ్డంగా కర్రలు కట్టి కంటైన్‌మెంట్ జోన్ అని బోర్డులు పెట్టినప్పుడు ఒక రొయ్యల రైతు నాతో ఇట్లా అన్నాడు: "మా గుంటలకు మేం చేసేదే గదా సార్, ఇప్పుడు మనుషులకు చేస్తాండారు. కాకపోతే మా రొయ్యలకు కూలికి పొయ్యే పని లేదు."

ఆ ఒక్క మాటలో వైరస్ శాస్త్రమూ ఉంది, ఆర్థికశాస్త్రమూ ఉంది. మహమ్మారి వచ్చినప్పుడు ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం ఏం చెయ్యాలి అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ రైతే గుర్తుకొస్తాడు. వైద్య కళాశాల వైద్యం చేస్తుంది, మిగతా విభాగాలు తలుపులు మూసుకుని పరీక్షలు వాయిదా వేస్తాయి అని చాలామంది అనుకున్నారు. జబ్బు మాత్రం అట్లా విభాగాలుగా రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది 2020 మార్చి 11న. మరునాడే, మార్చి 12న, ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు మన నెల్లూరులో బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి సోకింది. ఆయన కోలుకుని ఇంటికి వెళ్లిపోయాడు గానీ, రాష్ట్రమంతా నెల్లూరు వైపు చూసింది. అప్పటికి ఈ తీరానికి అండగా ఉన్న ప్రభుత్వ చదువు సంస్థలు చూడండి. 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాకుటూరులో జాతీయ రహదారి పక్కన ఉంది. అందులో సముద్ర జీవశాస్త్రం ఉంది, బయోటెక్నాలజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది. ముత్తుకూరులో మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. అది అప్పట్లో తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉండేది. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అది ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద. మొదట్లో గొంతు నమూనాలు పరీక్షకు పోయింది తిరుపతి స్విమ్స్‌కు. అదీ శాసనసభ చట్టంతో ఏర్పడ్డ విశ్వవిద్యాలయమే. రొయ్య వైరస్ తెలిసినవాళ్లు ఒక విశ్వవిద్యాలయంలో, మనిషి వైరస్ తెలిసినవాళ్లు ఇంకోదాంట్లో, ఊరి మనుషుల్ని ఎరిగినవాళ్లు మరోదాంట్లో. వీళ్లంతా ఒకరికొకరు రెండు మూడు గంటల ప్రయాణం లోపలే ఉన్నారు.

తరగతులు ఆగాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. దీన్నే విశ్వవిద్యాలయం మూతపడటం అన్నారు. నేను తీరప్రాంతపు పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. నాకు అది మూతపడినట్టు అనిపించలేదు. విశ్వవిద్యాలయం లేచి ఊళ్లలోకి నడిచిపోయినట్టు అనిపించింది. అంతకు ముందెప్పుడూ అంతమంది చదువుకున్న పిల్లలు ఒకేసారి తమ పాళేల్లో, కుప్పాల్లో లేరు.

వాళ్లలో ఒక అమ్మాయి. పేరు చెప్పను. సముద్రపు ఒడ్డున ఒక పట్టపుపాళెం, అంటే జాలర్ల పల్లె, ఆమెది. ఎమ్మెస్సీ చదువుతోంది. ఇంట్లో సిగ్నల్ అందదు. తుఫాను షెల్టర్ డాబా ఎక్కితేనే ఫోను పలుకుతుంది. ఆన్‌లైన్ పాఠం వినాలన్నా అక్కడికే, ఎండ దిగాక. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఫోన్ చేసి, "సార్, పాఠాలు తర్వాత చూసుకుందాం. మా ఊళ్లో ఆడోళ్లు నన్ను అడిగే ప్రశ్నలకు నాకు జవాబు రావటం లేదు" అంది. రాసిపెట్టమన్నాను. ఆమె ఒక నోట్‌బుక్కులో రాసింది. దాని నకలు నా దగ్గర ఉంది. ఈ రోజు మీ ముందు తెరుస్తున్నది అదే.

మొదటి ప్రశ్న: "ఉప్పుగాలికి ఆ పురుగు చచ్చిపోతుందంట గదా?"

చావదు. ఇది నేను వెంటనే చెప్పగలిగాను. కానీ ఆ అడిగిన తల్లి మాటలో సగం నిజం ఉందని నాకు తర్వాత అర్థమైంది. మొదటి నెలల్లో అందరం తలుపు గడియలు, కూరగాయలు తుడుచుకుంటూ కూర్చున్నాం. ఈ జబ్బు ముఖ్యంగా గాలిలోనే వస్తుందని భౌతికశాస్త్రం వాళ్లు, ఇంజనీర్లు గట్టిగా వాదించారు. గాలిలో నలుసులు ఎంత దూరం పోతాయి, ఎంతసేపు తేలుతాయి అనేది వాళ్ల లెక్క గదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ విషయాన్ని తన మాటల్లో స్పష్టంగా ఒప్పుకునేసరికి 2021 ఏప్రిల్ చివరికి వచ్చింది. అంటే ఒడ్డున గాలికి కూర్చుని వల అల్లుకునే మనుషులకు ముప్పు తక్కువ. అదే మనుషులు రాత్రి కిటికీ లేని గదిలో ఆరుగురు పడుకుంటే ముప్పు ఎక్కువ. నోట్‌బుక్కులో ఇంకోచోట ఆ ప్రశ్న కూడా ఉంది: "దూరంగా పడుకోమంటారు, ఒకే గదిలో ఆరుగురం ఎట్టా?" ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఒక జవాబు ఉంది. తలుపు తీసిపెట్టండి, పెద్దవాళ్ల మంచం వసారాలో వెయ్యండి, ఎదురుబొదురుగా గాలి ఆడనివ్వండి. ఆ జవాబు చెప్పడానికి డాక్టరు ఒక్కడూ చాలడు. ఇల్లు కట్టే శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి.

రెండో ప్రశ్న నన్ను బాగా కదిలించింది. "సబ్బుతో కడుక్కోమంటారు. మా బోరునీళ్లకు సబ్బు నురగ రాదు. కడిగినట్టా, కడగనట్టా?"

తీరంలో భూగర్భజలం ఉప్పన. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కట్టి విరిగిపోతుంది, మురికి వదిలించాల్సిన పని మానేస్తుంది. కరోనా వైరస్‌కు పైన ఒక కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్నే చీలుస్తుంది, అందుకే సబ్బుకు అంత విలువ. టీవీలో చెప్పినవాళ్లకు ఈ రెండో సగం తెలుసు, మొదటి సగం తెలియదు. బట్టలు ఉతికే డిటర్జెంటు ఉప్పునీళ్లలో కూడా పనిచేస్తుంది, నీళ్లలో కొంచెం కలిపి వాడుకోవచ్చు, లేదా చివర్లో రెండు చెంబుల మంచినీళ్లు దాచుకుని వాటితో సబ్బు పెట్టుకోవచ్చు. ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు పది నిమిషాల్లో ఆలోచించి చెప్పగల జవాబు ఇది. ఆ పది నిమిషాలు అందాలంటే ప్రశ్న ఆయన బల్ల దాకా రావాలి. ఢిల్లీలో అచ్చేసిన కరపత్రంలో ఆ ప్రశ్న ఉండదు. కాకుటూరుకు గానీ ముత్తుకూరుకు గానీ పాళెం నుంచి రావాలి.

"చేపలు తింటే వస్తుందా?" అని మూడోది. ఆ మార్చిలో కోడిమాంసం తింటే వస్తుందని పుకారు లేచి కోళ్ల రైతులు కుదేలయ్యారు, మీకు గుర్తుండే ఉంటుంది. చేపకూ ఆ నింద అంటింది. రాదు అని చెప్పడం సులువు. కానీ మనం చెప్పే తీరు ముఖ్యం. అప్పుడే ఆ అమ్మాయికి రొయ్యల ఉపమానం అందించాను. మీ నాయన గుంటల్లో కూలికి పోతాడు గదా తల్లీ, తెల్లమచ్చ వచ్చిన రొయ్య తిన్న మనిషికి ఎప్పుడైనా జబ్బు చేసిందా? చెయ్యలేదు. ఆ వైరస్ తాళం రొయ్య ఒంట్లో పడుతుంది, మనిషి ఒంట్లో పడదు. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒక పద్ధతిలోదే. తెల్లమచ్చ వైరస్ లోపలుండేది డీఎన్ఏ. కరోనా లోపలుండేది ఆర్ఎన్ఏ. యంత్రం రెట్టించగలిగేది డీఎన్ఏనే కాబట్టి ముందు ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాయాలి. పీసీఆర్ ముందు ఆర్‌టీ అని చేర్చేది ఆ తిరగరాతకే. ఆ తర్వాత ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ముప్పై మార్లు రెట్టిస్తే ఒక్క పోగు వంద కోట్లు దాటుతుంది. అందుకే ముక్కులో చిటికెడు ఉన్నా దొరుకుతుంది. ఆమె ఇది షెల్టర్ మెట్ల మీద కూర్చుని పాళెంలో చెప్పింది. పరీక్ష అంటే పారిపోయే ముసలివాళ్లు "ఓ, సీడ్ టెస్టా!" అన్నారట. ఈ తీరానికి తగిన ప్రజారోగ్య పాఠం ఈ తీరపు గుంటల్లోనే ఉంది. దాన్ని బయటికి తియ్యగలిగింది ఆ ఊరి పిల్ల.

నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. "పోయినోళ్ల దగ్గరికి పోతే అంటుకుంటుందా?"

2020 ఏప్రిల్ 13న నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు కోవిడ్‌తో చెన్నైలో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని అంబత్తూరు శ్మశానానికి తీసుకుపోతే అక్కడివాళ్లు అడ్డుకున్నారు. దహనం జరగనివ్వలేదు. మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయి, తర్వాత మరోచోట అంత్యక్రియలు చెయ్యాల్సి వచ్చింది. రోగుల్ని బాగుచేస్తూ బతికిన మనిషికి ఆఖరికి నిప్పు దొరకలేదు. అడ్డుకున్నవాళ్లు దుర్మార్గులని నేను అనలేను. కాలిన బూడిద నుంచి, పొగ నుంచి వైరస్ వస్తుందని వాళ్లు నిజంగా నమ్మారు. తగలబడిన దేహంలో వైరస్ మిగలదని వాళ్ల భాషలో, వాళ్లు నమ్మే నోటితో ఎవరూ అంతకు ముందు చెప్పలేదు.

భయం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన శాస్త్రాలు వేరే ఉన్నాయి. చరిత్ర, సమాజశాస్త్రం, సాహిత్యం. మశూచి వస్తే మన ఊళ్లలో అమ్మవారు పోసింది అనేవాళ్లు. పోలేరమ్మను కొలిచేవాళ్లు. వెంకటగిరి పోలేరమ్మ జాతర నేటికీ ఎంత ఘనంగా జరుగుతుందో మీకు తెలుసు. ఇంటి గుమ్మానికి వేపమండ కట్టి, పరాయివాళ్లను రానివ్వక, రోగి గది వేరు చేసి, ఒకరే సేవ చేసేవాళ్లు. అది కూడా ఒక విధమైన ఐసొలేషనే. కాకపోతే అందులో రోగి మీద గౌరవం ఉండేది. జబ్బు చేసినవాడి ఒంట్లో తల్లి ఉంది అనుకునేవాళ్లు. 2020లో మనం వేపమండ తీసేసి ఇంటికి ఎర్ర స్టిక్కరు అంటించాం, గౌరవం కూడా దాంతోపాటే పోయింది. ఊరు తనకు తాను ఎట్లా దూరం పాటించుకునేదో తెలిసిన ఒక చరిత్ర అధ్యాపకుడు ఆ రోజు కలెక్టరు గారి సమావేశంలో కూర్చుని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తెలుగు విభాగానికి కూడా ఆ రోజుల్లో పని ఉంది. పెద్ద పని. మొదట అందరూ "సామాజిక దూరం" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. సామాజిక దూరం మనకు కొత్త కాదు గదా. ఊరికీ వాడకూ మధ్య, బావికీ కడవకూ మధ్య మనం వందల ఏళ్లు పాటించింది అదే గదా. ఆ మాటకే ప్రభుత్వ ముద్ర పడితే, దాన్ని చూపించి మనిషిని గడప బయట నిలబెట్టేవాడికి బలం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మార్చిలోనే మాట మార్చుకుని, దూరం ఒంటికే గానీ మనసులకు కాదని చెప్పింది. మన పత్రికల్లో కొన్ని "భౌతిక దూరం" అని రాయడం మొదలుపెట్టాయి. ఒక్క విశేషణం మారడం చిన్న సంగతి అనుకోకండి. పాళెంలో ఆ అమ్మాయి అంతకంటే మంచి మాట వాడింది. "ఒక తెడ్డు దూరం" అంది. పడవ మీద తెడ్డు ఎంత పొడుగుంటుందో అక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఏ నిఘంటువులోనూ లేని ఆ మాటను తెలుగు పరిశోధకులు రాసిపెట్టుకోవాలి.

చదువు ఊళ్లను ఎట్లా కదిలిస్తుందో చెప్పాలంటే నెల్లూరు జిల్లాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడిలో చదివిన సీతమ్మ కథ పాఠం 1992లో దూబగుంట ఆడవాళ్లను సారా అంగడి ముందుకు నడిపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఆ ఉద్యమం నుంచే పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. 2020లో ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాస్కులు కుట్టింది అట్లాంటి సంఘాల ఆడవాళ్లే. అక్షరం నుంచి మాస్కు దాకా ముప్పై ఏళ్ల దారి అది. ఆ దారిలో ఒక్క వైద్య గ్రంథం కూడా లేదు.

నోట్‌బుక్కులో తర్వాతి పేజీ డబ్బు సంగతి. "వేట లేకపోతే వడ్డీ ఎవురు కట్టాలి?" తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఆ ఏడాది మార్చి చివరి నుంచే లాక్‌డౌన్, దాని వెంటనే నిషేధం. ఈ కష్టం చూసి కేంద్రం ఆ ఏడాదికి నిషేధాన్ని మే 31తోనే ముగించింది. పట్టిన చేప పోవడానికి చెన్నై మార్కెట్టు లేదు, ఐసు ఫ్యాక్టరీలో మనిషి లేడు. రొయ్యల పరిస్థితి కూడా అంతే. ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనివాళ్లు రాక ధర పడిపోతే, కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి, ఇంత ధర అని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. పడవకు అప్పిచ్చిన సావుకారి దగ్గర వడ్డీ మాత్రం లాక్‌డౌన్ ఎరగదు. ఈ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేకపోయింది. ఒక ఆర్థికశాస్త్ర విద్యార్థి పాళేల్లో అప్పుల లెక్క రాసి ఉంటే, తర్వాతి విపత్తుకు బ్యాంకుల ముందు పెట్టడానికి ఒక కాగితమైనా ఉండేది.

ఇక 2021 మే. ఆ నెల గురించి ఎక్కువసేపు మాట్లాడాలి.

మే 10 రాత్రి తిరుపతిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారు. సరిగ్గా పదకొండు రోజులకు, మే 21న, కృష్ణపట్నం దారులన్నీ జనంతో నిండిపోయాయి. ఆ ఊళ్లో ఆనందయ్య గారు కరోనాకని పంచే మందు కోసం వచ్చారు. అంబులెన్సుల్లో, ఆక్సిజన్ పెట్టుకుని కూడా వచ్చారు. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టకుండా కృష్ణపట్నం గురించి మాట్లాడటం న్యాయం కాదు. మూఢనమ్మకం అని నవ్వినవాళ్లు ఉన్నారు. నేను నవ్వలేదు. పడక దొరకనివాడు, గాలి దొరకనివాడు తేనె, మిరియాలు, జాజికాయ కలిపి ఉచితంగా ఇచ్చే చేతి దగ్గరికి పోతాడు. నేనే అయినా పోయేవాణ్ణేమో. అలా అని ఆ మందు పనిచేసింది అని కూడా నేను చెప్పను. సీడ్‌ను పీసీఆర్ లేకుండా గుంటలో వెయ్యని తీరం ఇది. తన బిడ్డ నోట్లో వేసే మందుకు ఆ పరీక్ష అడగడం ఆ తీరానికి తెలియదని ఎట్లా అనుకోవాలి? అడిగినా జవాబిచ్చే మనిషి దగ్గర్లో లేడు.

ఆ రోజు పంపిణీ ఆగింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి వాళ్లు, తిరుపతి ఆయుర్వేద కళాశాల వాళ్లు మందు వాడినవాళ్ల వివరాలు సేకరించే పనిలో పడ్డారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతి ఇచ్చింది. జూన్ 7న పంపిణీ మళ్లీ మొదలైంది. ఈ పదిహేడు రోజుల్లో ఎన్ని శాస్త్రాలు కలిసి కూర్చోవాలో చూడండి. ఆకులు ఏవో గుర్తుపట్టాల్సింది వృక్షశాస్త్రం. వాటిలో ఏముందో తేల్చాల్సింది రసాయనశాస్త్రం. కంట్లో వేస్తే ఏమవుతుందో చెప్పాల్సింది నేత్రవైద్యం. లైసెన్సు లేకుండా మందు పంచవచ్చా అనేదానికి 1940 నాటి మందుల చట్టం తెలిసినవాళ్లు కావాలి. అంతమందిని ఒక ఊళ్లోకి రానిస్తే జబ్బే పాకుతుంది గదా అని లెక్కగట్టేవాళ్లు కావాలి.

అన్నిటికంటే కావలసింది గణాంకశాస్త్రం. "మా ఊళ్లో యాభై మంది తాగారు, అందరూ బాగయ్యారు" అని నాకు చెప్పినవాళ్లు చాలామంది. వాళ్లు అబద్ధమాడలేదు. కానీ ఈ జబ్బు వచ్చినవాళ్లలో అత్యధికులు ఏ మందూ తాగకపోయినా కోలుకుంటారు. మరి తాగితే ఎంత తేడా వచ్చింది? అది తెలియాలంటే తాగని యాభై మంది కూడా ఉండాలి. ఎవరు తాగాలో ఎవరు తాగకూడదో చీటీ వేసి నిర్ణయించాలి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆ పనే చేసింది. దేశమంతా ఆసుపత్రుల్లో ఒకే పరీక్ష పెట్టి, డెక్సామెథసోన్ అనే పాత, చవక మందును 2,104 మందికి ఇచ్చింది, 4,321 మందికి మామూలు వైద్యం మాత్రమే చేసింది. 2020 జూన్ 16న ఫలితం చెప్పింది. వెంటిలేటరు మీద ఉన్నవాళ్ల చావులు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు కొంత మేలు జరిగింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ మేలూ లేదు. ఈ మూడో వాక్యం మన ఊళ్లకు చేరలేదు. జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగినవాళ్లు, షుగరు పెరిగి బ్లాక్ ఫంగస్ పాలైనవాళ్లు రెండో వేవ్‌లో ఎందరో. ఒక మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చెయ్యదు అనే ఒక్క సంగతి తెలుగులో, ఈ రేడియోలో చెప్పినట్టు, పదే పదే చెప్పి ఉంటే కొన్ని కళ్లు, కొన్ని ప్రాణాలు మిగిలేవి. అది డాక్టరు పని, జర్నలిజం పని, తెలుగు పని, మూడూ.

కృష్ణపట్నానికి ముత్తుకూరు మత్స్య కళాశాల పక్కనే. హేచరీల్లో సీడ్ సంచుల్లో నింపే ఆక్సిజన్ గురించి, తెల్లవారుజామున గుంటనీళ్లలో ఆక్సిజన్, రైతుల మాటలో డీవో, పడిపోతే ఏరేటర్లు తిప్పే సంగతి గురించి అక్కడ రోజూ పాఠం చెబుతారు. గాలి అందకపోతే ఏమవుతుందో ఈ తీరపు రైతుకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? వేలికి పెట్టే చిన్న పరికరంలో అంకె 94 కంటే దిగితే ఆసుపత్రికి కదలాలి అని "గుంటలో డీవో పడిపోయినట్టే" అంటూ చెప్పి ఉంటే ఏ రొయ్యల రైతూ ఆ అంకెను మరిచిపోయేవాడు కాదు.

మధ్యలో 2020 నవంబరులో నివర్ తుఫాను వచ్చింది. మళ్లీ 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టిని కూడా కోసుకుపోయింది. తీరానికి విపత్తులు ఒకదాని వెనక ఒకటి వరసలో రావు, ఒకదాని మీద ఒకటి పడతాయి. తుఫాను వస్తే షెల్టర్‌లో అందరూ ఒకచోట చేరాలి, కరోనా వస్తే విడివిడిగా ఉండాలి. నివర్ వచ్చిన రాత్రి ఆ అమ్మాయి షెల్టర్ లోపల ముసలివాళ్లను కిటికీల వైపు కూర్చోబెట్టానని ఫోన్‌లో చెప్పింది. ఆమెకు ఆ వైపే గాలి ఎక్కువని తెలుసు.

నోట్‌బుక్కులో ఆఖరి ప్రశ్న ఆమె తాత అడిగింది. వేటకు పోయిన మనిషి. "తుఫానుకు కృష్ణపట్నం పోర్టులో నంబరు హెచ్చరిక ఎగరేస్తారు గదా. మూడో నంబరు చూసి మేం వేటకు పోం. దీనికీ ముందుగా అట్టాంటి జెండా ఏదైనా ఉండాదా?"

ఉంది తాతా. మనిషికి జబ్బు బయటపడకముందే వాడి విసర్జనలో వైరస్ పోగులు మురుగునీళ్లలోకి పోతాయి. ఆ నీళ్లు పరీక్షిస్తే ఊరికి జబ్బు వస్తోందని ముందే తెలుస్తుంది. 2020 మార్చిలో నెదర్లాండ్స్‌లో అమర్స్‌ఫూర్ట్ అనే ఊరి మురుగునీళ్లలో, ఆ ఊళ్లో తొలి రోగి బయటపడటానికి ఆరు రోజుల ముందే వైరస్ ఆనవాళ్లు దొరికాయి. మన హైదరాబాదులో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ ఏడాదే మురుగుశుద్ధి కేంద్రాల్లో నమూనాలు తీసి అట్లాంటి పరీక్షలు చేశారు. రొయ్యల పీసీఆర్ తెలిసిన ముత్తుకూరు, బయోటెక్నాలజీ ఉన్న కాకుటూరు, ఆసుపత్రి ఉన్న నెల్లూరు కలిస్తే ఈ తీరానికి మనమే ఒక జెండా ఎగరెయ్యవచ్చు. వారానికోసారి నమూనా, తెలుగులో ఒక నంబరు, రేడియోలో ఒక నిమిషం.

ఇదంతా ఆ అమ్మాయికి ఫోన్‌లో ఉత్సాహంగా చెప్పాను. ఆమె షెల్టర్ డాబా మీద నుంచి కాసేపు మాట్లాడలేదు. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది. తర్వాత అంది:

"మా ఊళ్లో మురుగుకాలువే లేదు సార్. ముందు అది తవ్వించమని చెప్పండి."